చింతపిక్క జిగురుతో ప్లైవుడ్ అతుకుతుంది, నీళ్లు తగిలాకే అసలు సంగతి

కొత్త బీరువా తలుపు తీయగానే కళ్లు మండి, ముక్కులో చురుక్కుమంటే కొత్త చెక్క వాసన అనుకుని చాలామంది ఊరుకుంటారు. చెక్కకు ఆ ఘాటు ఉండదు. అది జిగురుది. పార్టికల్ బోర్డు (ఏ కంపెనీదైనా సరే పాత వడ్రంగులు నోవాపాన్ అనే అంటారు), ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసే పలక), చవక రకం ప్లైవుడ్, వీటిలో ఎక్కువ భాగాన్ని పట్టి ఉంచేది యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌లలో అయితే బరువులో పదో వంతు అటూఇటూగా ఈ జిగురే. ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద అది గట్టిపడినా కథ అక్కడితో అయిపోదు. తేమ, వేడి కలిసినప్పుడల్లా ఆ రెసిన్ కొంచెం కొంచెంగా వెనక్కి విడిపోతూ ఫార్మాల్డిహైడ్ అనే వాయువును వదులుతుంటుంది, మొదటి నెలల్లో ఎక్కువగా, ఆ తర్వాత తక్కువగా, కానీ ఏళ్ల తరబడి.

ఒడిశా సరిహద్దు జిల్లాల వాతావరణం దీనికి బాగా అనుకూలం. బరంపురం, ఇచ్ఛాపురం వైపు సముద్రపు తేమ, రాయగడ, గుణుపురం వైపు కొండల వానలు, వేసవిలో రెండు చోట్లా మూసిపెట్టిన గదుల్లో ఉక్క. యూరప్ ప్రమాణం ప్రకారం బోర్డును 23 డిగ్రీల వేడి, 45 శాతం తేమ ఉన్న పెట్టెలో పెట్టి ఎంత వాయువు వస్తోందో కొలుస్తారు. మే నెలలో పర్లాకిమిడిలో పడకగది అలా ఉంటుందా? వేడి పెరిగేకొద్దీ వాయువూ పెరుగుతుంది కాబట్టి లేబుల్ మీది అంకె ఇక్కడి ఇళ్లలో అంతకే ఆగదు.

ఇది కేవలం వాసన గొడవ కాదు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. 2005లో అమెరికాలో కత్రినా తుపాను తర్వాత బాధితుల కోసం ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్ ఇళ్లలో జనం కళ్ల మంటలు, దగ్గులతో ఇబ్బంది పడ్డారు, పరీక్షిస్తే గాలిలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా ఉందని తేలింది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నియమం ప్రకారం 2026 ఆగస్టు నుంచి చెక్క ఫర్నిచర్ వదిలే ఫార్మాల్డిహైడ్ పరీక్ష గదిలోని ఘనపు మీటరు గాలికి 0.062 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకుముందు వరకూ మంచి బోర్డు అనిపించుకున్న ఈ1 రకానికి ఉన్న హద్దు 0.124, అంటే హద్దును సరిగ్గా సగానికి కోశారు.

అందుకే ప్రకృతి జిగుర్లు అనే మాట మళ్లీ పైకి వచ్చింది. ఈ ప్రాంతంలో ఆ మాట వింటే ఉత్సాహం రావడం సహజమే. రాయగడ, కోరాపుట్ సంతల్లో చింతపండుతో పాటు చింతపిక్కలు, గంజాం, గజపతి జిల్లాల నుంచి పలాస దాకా జీడి తోటలు, నాగావళి పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి ఉన్న కాగితం మిల్లు. జిగురుకు కావలసిన ముడిసరుకు మూడు దిక్కులా ఉంది. మరి గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక చిన్న బోర్డు యూనిట్ పెట్టి, ఇక్కడి జిగురుతోనే ఇక్కడి చెక్కను అతికించడానికి అడ్డేమిటి?

అడ్డు ఎక్కడుందో తెలియాలంటే ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. జిగురును దేని నుంచి తీశారో చూసి అది పనికొస్తుందో రాదో చెప్పలేం. గట్టిపడేటప్పుడు దానిలోని అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ఏది ముడివేస్తోందో చూస్తేనే చెప్పగలం. ఆ ముడి నీళ్లకు ఊడేదైతే చెట్టు నుంచి వచ్చిన జిగురైనా సరే బోర్డు ఉబ్బిపోతుంది. ఆ ముడి వేసేది ఫార్మాల్డిహైడే అయితే డబ్బా మీద ఎంత పెద్ద ఆకు బొమ్మ వేసినా లోపల ఉన్నది అదే.

చింతపిక్క జిగురుతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఈ నేలకు అది కొత్త కాదు. ఒడిశాలో గంజపా అనే గుండ్రటి పేకముక్కలు ఉన్నాయి, పర్లాకిమిడి కూడా వాటికి పేరున్న ఊరే. గుడ్డ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఎండబెట్టి, రంగులు వేసి, పైన లక్క పూస్తారు. పొర మీద పొర, మధ్యలో జిగురు, ఆపైన తేమ తగలకుండా ఒక పూత. గుడ్డ బదులు పలచటి చెక్క పెడితే అది ప్లైవుడ్డే. పట్టచిత్రాల గుడ్డ తయారయ్యేదీ ఇలాగే. కొండపల్లి బొమ్మల్లో చేతులు, తలలు అతకడానికి వాడే మక్కు కూడా చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దే, దాన్ని పార్టికల్ బోర్డుకు పూర్వీకుడు అన్నా తప్పులేదు. ఈ వస్తువులన్నీ తరాలు నిలిచాయి కదా అంటారు. నిలిచాయి, కానీ గంజపా ముక్కల్ని ఎవరూ వంటగది సింకు కింద పెట్టలేదు. లక్క పూత లేకపోతే వాటి కథ వేరుగా ఉండేది.

అసలు ప్లైవుడ్ పరిశ్రమ మొదలైందే ప్రకృతి జిగుర్లతో. పాలను విరగ్గొట్టి తీసే కేసీన్, కబేళాల్లో దొరికే రక్తం, పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసే జిగురు, 1920ల నుంచి అమెరికా పశ్చిమ తీరంలో సోయా పిండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి మాస్కిటో అనే బ్రిటిష్ విమానాన్ని ప్లైవుడ్, బాల్సా చెక్కలతో కట్టారు. మొదట్లో వాడింది కేసీన్ జిగురే, తర్వాత ఫార్మాల్డిహైడ్ రెసిన్‌కు మారారు, వేడి, తేమ ఉన్న దేశాల్లో అది మెరుగ్గా నిలబడుతుందని. యుద్ధం అయిపోయాక పెట్రోలియం నుంచి ఫినాల్, సహజవాయువు నుంచి యూరియా, ఫార్మాల్డిహైడ్‌కు మూలమైన మెథనాల్ చవకగా రావడంతో పాత జిగుర్లు మూలపడ్డాయి. వాటిని ఎవరో కుట్ర చేసి తరిమేయలేదు. తడికి ఓడిపోయాయి, బూజు పట్టాయి, ప్రెస్సులో ఎక్కువసేపు తీసుకున్నాయి, ఖర్చులోనూ నిలవలేదు.

తడికి ఎందుకు ఓడిపోతాయి? చింతపిక్క పప్పులో సగానికి పైగా ఉండేది ఒక రకం పాలిసాకరైడ్, అంటే చక్కెర అణువులు బారుగా గుదిగుచ్చిన గొలుసు. ఆ గొలుసు పొడవునా నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. చెక్కలోని సెల్యులోజ్‌కూ అవే ఉంటాయి. అందుకే రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, పొడిగా ఉన్నప్పుడు ఆ పట్టు చూస్తే సింథటిక్ జిగురుకేమీ తీసిపోదు, చెక్క చిరుగుతుంది గానీ అతుకు ఊడదు. కానీ ఆ పట్టు హైడ్రోజన్ బంధాలది. నీళ్లు వస్తే నీటి అణువులు మధ్యలో దూరి ఆ బంధాల చోటు ఆక్రమిస్తాయి. గంజి పెట్టిన చొక్కా వానలో తడిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఇదీ అంతే.

దీన్ని తప్పించడానికి రెండు దారులు. ఒకటి, గొలుసుల మధ్య నీళ్లు తెంచలేని గట్టి రసాయన ముడి వేయడం. దానికి ఫార్మాల్డిహైడ్, గ్లయాక్సల్, హెక్సమిన్, ఐసోసయనేట్, సిట్రిక్ ఆమ్లం లాంటివి కావాలి. రెండు, అసలే నీళ్లంటే గిట్టని పదార్థాన్ని జిగురుగా ఎంచుకోవడం. జీడి తొక్క నూనె, కాగితం మిల్లుల్లో చెక్క నుంచి కరిగించి తీసే లిగ్నిన్, లక్క ఈ కోవవి.

చింతపిక్కల మీద మన దేశంలో చాలాకాలంగా పరిశోధన ఉంది, పప్పు పిండి మీదే కాదు, పైన ఉండే ఎర్రటి పొట్టులోని టానిన్ అనే వగరు పదార్థం మీద కూడా. కానీ ఇక్కడొక చిక్కుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చింతపిక్కకు ఇప్పటికే మంచి గిరాకీ ఉంది. పిక్కల్ని వేయించి, పొట్టు తీసి, పప్పును పిండి చేస్తే దాన్ని జౌళి మిల్లులు, జనపనార మిల్లులు దారానికి గంజి పట్టడానికి కొంటాయి, శుద్ధి చేసిన రకం ఆహార పరిశ్రమకూ పోతుంది. అంటే బోర్డు ఫ్యాక్టరీ వాళ్లతో పోటీపడి కొనాలి. పైగా చింతపండు ఎండాకాలం మొదట్లోనే వస్తుంది, ఏడాదంతా జిగురు కావాలంటే పిక్కలు నిల్వ పెట్టాలి, నిల్వలో పురుగు పడుతుంది. ఇన్ని కష్టాలు పడి తీసిన జిగురును యూరియా రెసిన్ ధరకు అమ్మాలనుకోవడం అత్యాశ. ఎక్కడ తడి తగలదో అక్కడికి, అంటే ఫొటో ఫ్రేముల వెనక చెక్క, బొమ్మలు, ప్యాకింగ్ పెట్టెలు, గోడ అలంకరణ పలకలకు చింతపిక్క జిగురు చక్కగా సరిపోతుంది. దాన్ని వంటగదిలోకి తోసినప్పుడే చెడ్డపేరు వస్తుంది.

ప్లైవుడ్ పరీక్షలు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. దుకాణంలో ఎమ్మార్ (తేమను తట్టుకునే) ప్లై అని అడిగే రకాన్ని ఐఎస్ 303 అనే భారత ప్రమాణం ప్రకారం 60 డిగ్రీల వేడినీళ్లలో మూడేసి గంటలు నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి చూస్తారు. సెవెన్ టెన్ అని పిలిచే మెరైన్ ప్లైని ఐఎస్ 710 ప్రకారం 72 గంటలు మరుగుతున్న నీళ్లలో ఉడికిస్తారు. ఏమీ కలపని పిండి జిగురు మొదటి పరీక్షలోనే పొరలు ఊడిపోతుంది. ఈ రెండో పరీక్షకు తట్టుకోవాలంటే మామూలుగా ఫినాల్ ఫార్మాల్డిహైడ్ కావాలి, ముదురు ఎరుపు రంగులో ఉండేది. విచిత్రం ఏమిటంటే ఫార్మాల్డిహైడ్ పేరు రెండు రెసిన్లలోనూ ఉన్నా, ఫినాల్ రకంలో ముడి చాలా గట్టిది, నీళ్లకు వెనక్కి విడిపోదు, కాబట్టి గట్టిపడ్డాక వాయువు వదలడం చాలా తక్కువ. పేరు చూసి భయపడేవాళ్లు ఈ తేడా గమనించాలి.

సరిహద్దు జిల్లాలకు అసలైన అవకాశం ఈ ఫినాల్ దగ్గరే ఉంది, జీడి రూపంలో. పలాస వైపు జీడి పిక్క అంటే అందరికీ పప్పే గుర్తొస్తుంది, కానీ పిక్క బరువులో చాలా ఎక్కువ భాగం తొక్కే, ఆ తొక్క బరువులో పాతిక శాతం దాకా నూనె. చేతికి తగిలితే బొబ్బలెక్కించే నూనె అదే, పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే చెప్పకుండానే తెలుస్తుంది. ఆ నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం, దాన్ని వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. కార్డనాల్ అంటే ఒక ఫినాల్ ఉంగరానికి (ఆరు కార్బన్లు గుండ్రంగా కూడిన భాగం) పదిహేను కార్బన్ల బారు తోక తగిలించినట్టుండే అణువు. ఉంగరం ఫినాల్‌లాగే ఫార్మాల్డిహైడ్‌తో చర్య జరిపి రెసిన్‌లో కలిసిపోతుంది, తోక నూనె స్వభావం కలది కాబట్టి నీళ్లను దూరంగా పెడుతుంది, జిగురు పెళుసు కాకుండా కొంచెం వంగే గుణాన్నీ ఇస్తుంది. పెట్రోలియం ఫినాల్‌లో కొంత భాగం తీసేసి ఈ కార్డనాల్ వేయడం గురించి బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఇపిర్టి (ఇప్పుడది చెక్క శాస్త్ర సంస్థలో భాగం) చాలా పనిచేసింది. బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో ఈ నూనె దశాబ్దాలుగా వాడుకలో ఉంది, కాబట్టి ఇదేదో ల్యాబ్‌కే పరిమితమైన ముచ్చట కాదు.

అయితే ఫినాల్ అంతా తీసేసి కార్డనాల్ ఒక్కటే పోయడం కుదరదు. ఆ బారు తోక అడ్డుపడి చర్య నెమ్మదిస్తుంది, ప్రెస్సులో ఎక్కువసేపు ఉంచాలి, మరీ ఎక్కువ వేస్తే జిగురు మెత్తబడి బలం తగ్గుతుంది. అందుకే భర్తీ ఎప్పుడూ పాక్షికమే. పచ్చి నూనెను నేరుగా జిగురు ఉడికించే కెటిల్లో పోస్తే అనకార్డిక్ ఆమ్లం విరిగి వాయువు వస్తుంది, నురగ పొంగిపోతుంది, ముందే వేడిచేసి ఆ వాయువును పోగొట్టిన నూనె కావాలి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఒక మిల్లు నూనెకు, ఇంకో మిల్లు నూనెకు చిక్కదనం కలవదు. పిక్కల్ని డ్రమ్ములో కాల్చితే నూనె చాలావరకు పొగైపోతుంది, మిగిలింది కూడా సగం గట్టిపడి ఉంటుంది. ఆవిరి పట్టి కోసే పద్ధతిలో నూనె తొక్కలోనే భద్రంగా ఉంటుంది, తర్వాత గానుగ పట్టి తీయొచ్చు. అంటే జిగురు నాణ్యత బోర్డు ఫ్యాక్టరీలో కాదు, జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గరే నిర్ణయమైపోతుంది. తొక్కను వంటచెరకులా బట్టీలకు అమ్మేసే యజమానికి ఆ నూనె విలువ తెలిస్తే తప్ప ఈ గొలుసు కదలదు. నూనె తీశాక మిగిలే పిండి కూడా బాయిలర్లో మండుతుంది, కాబట్టి అతనికి పోయేదేమీ లేదు కూడా.

జేకేపూర్ సంగతి వేరు, అక్కడ ఆశ పెద్దది, దారి కష్టం. కాగితం చేయడమంటే చెక్కలోంచి లిగ్నిన్‌ను కరిగించి తీసేయడమే. చెక్కలో పాతిక శాతం అటూఇటూ ఉండే ఈ లిగ్నిన్ చెట్టు తనకు తాను తయారుచేసుకున్న జిగురు, నారల మధ్య ఉండి కాండాన్ని నిలబెట్టేది అదే. మిల్లులో అది నల్లటి ద్రవంగా బయటికొస్తుంది, దాన్ని చిక్కబరిచి రికవరీ బాయిలర్లో మండించి ఆవిరి, కరెంటు తీసుకుంటారు, రసాయనాల్ని వెనక్కి రాబట్టుకుంటారు. పారేసే వ్యర్థం కదా, బోర్డుకు వాడుకుంటే పోలా అని తేలిగ్గా అనేస్తారు గానీ మిల్లు లెక్కలో అది వ్యర్థం కాదు, ఇంధనం. ఎంత లిగ్నిన్ బయటికి తీస్తే అంత బొగ్గో ఇంకొకటో కొనాలి. బాయిలర్ సామర్థ్యం సరిపోక ఉత్పత్తి పెంచలేని మిల్లులకు మాత్రం కొంత లిగ్నిన్ తీసేయడం లాభం. నల్ల ద్రవంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి లిగ్నిన్‌ను విరగ్గొట్టి, ఆమ్లంతో కడిగే లిగ్నోబూస్ట్ అనే పద్ధతి 2013లో అమెరికాలోని ఒక మిల్లులో వ్యాపార స్థాయికి వచ్చింది. ఫిన్లాండ్ కంపెనీ యూపీఎం తన ప్లైవుడ్ జిగురులో ఫినాల్‌ను సగం దాకా తీసేసి లిగ్నిన్ వాడుతోంది.

మరి అక్కడ కుదిరింది ఇక్కడ కుదరదా? చెట్టు తేడా. ఫిన్లాండ్‌లో పైన్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్లు. వాటి లిగ్నిన్ ఉంగరాల్లో ఫార్మాల్డిహైడ్ వచ్చి అతుక్కోవడానికి ఒక చోటు ఖాళీగా ఉంటుంది. మన జామాయిల్, సుబాబుల్, ఆకు సూదిలా కనిపించినా సరుగుడు కూడా, ఇలాంటి వెడల్పాటి ఆకుల జాతి చెట్ల లిగ్నిన్‌లో చాలా ఉంగరాలకు ఆ చోటు రెండు పక్కలా మెథాక్సీ గుంపులతో మూసుకుపోయి ఉంటుంది. అంటే అదే లిగ్నిన్ పేరు, అదే నల్ల పొడి, కానీ జిగురు కెటిల్లో అంత చురుగ్గా ఉండదు. గ్లయాక్సల్ లాంటివి ముందే తగిలించో, కొంత ఫినాల్‌తో కలిపి వేడిచేసో చురుకు పుట్టించవచ్చు, దానికి మళ్లీ ఖర్చు. వెదురు లిగ్నిన్‌లో ఖాళీ చోట్లున్న ఉంగరాలు కొంచెం ఎక్కువ, ఆ లెక్కన ఒకప్పుడు కాగితం మిల్లులకు వెళ్లిన కొండ వెదురే జిగురుకు మేలైన సరుకు. ఇప్పటి మిల్లులు తోటల్లో పెంచిన చెక్క మీద నడుస్తున్నాయి కాబట్టి ఆ ముచ్చట ఎక్కువసేపు చెప్పుకోవడం దండగ.

టానిన్ గురించి ఒక్క మాట. దక్షిణాఫ్రికాలో 1970ల నుంచి బ్లాక్ వాటిల్ అనే తుమ్మ జాతి చెట్ల బెరడు టానిన్‌తో బోర్డులు చేస్తున్నారు, ప్రకృతి జిగుర్లలో పరిశ్రమ స్థాయిలో ఎక్కువకాలం నిలదొక్కుకున్నది అదే. దాన్ని హెక్సమిన్‌తో ముడివేస్తే వాయువు చాలా తక్కువ. ఇది విని మన అడవుల్లో కరక్కాయ బోలెడంత ఉంది కదా అని గంతులేయకూడదు. టానిన్లు రెండు జాతులు. కరక్కాయది తోలు ఊనడానికి బాగుంటుంది గానీ గొలుసుగా సాగి జిగురయ్యే జాతి కాదు. సరుగుడు బెరడు, చింతపిక్క పొట్టు, జీడిపప్పు మీది ఎర్ర పొర, ఇవీ కావలసిన జాతి. కర్ర కొట్టేటప్పుడు బెరడు తోటలోనే ఒలిచి పడేస్తారు, దాన్ని ఎండబెట్టి ఒకచోటికి చేర్చే కూలి ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నదే ప్రశ్న.

సోయా జిగురు గురించి అంతర్జాతీయంగా వినిపించే మాటలు చాలా. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో కైచాంగ్ లీ సముద్రపు ఆల్చిప్పలు రాళ్లను తడిలోనే ఎలా పట్టుకుంటాయో చూసి, ఆ స్ఫూర్తితో సోయా పిండికి తడిని తట్టుకునే గుణం తెచ్చారు. కొలంబియా ఫారెస్ట్ ప్రోడక్ట్స్ అనే అమెరికా కంపెనీ 2005 నుంచి దానితో ప్లైవుడ్ చేస్తోంది. గొప్ప పనే, కానీ అందులో ముడివేసే పదార్థం కాగితం పరిశ్రమలో వాడే ఒక సింథటిక్ రెసిన్, సోయా నుంచి వచ్చింది కాదు. ఫార్మాల్డిహైడ్ లేదన్నది నిజం, అంతా ప్రకృతే అన్నది నిజం కాదు. ఈ తేడా చెప్పడానికి కంపెనీలు మొహమాటపడతాయి. ఇక సోయా ఒడిశా పంట కాదు, మహారాష్ట్ర సరిహద్దున నాందేడ్, యవత్‌మాల్ వైపు తెలుగువాళ్లకు అది ఇంటి ముందు పంట. అక్కడ కూడా నూనె తీశాక మిగిలే పిండిని కోళ్ల దాణావాళ్లు ఎగరేసుకుపోతారు. ఐకియా 2023లో లిథువేనియాలోని తన ఫ్యాక్టరీలో మొక్కజొన్న పిండి ఆధారిత జిగురుతో పార్టికల్ బోర్డు మొదలుపెట్టింది, పొడి వాతావరణంలో వాడే ఫర్నిచర్‌కు అది సరైన ఎంపిక. మన ప్లైవుడ్ యూనిట్లలో మైదా వాడకం ఎప్పటినుంచో ఉంది, యూరియా రెసిన్‌లో చిక్కదనం కోసం కలుపుతారు. దాన్ని పట్టుకుని మాదీ సగం ప్రకృతి జిగురే అని ఇంకా ఎవరూ ప్రకటన ఇవ్వకపోవడం ఆశ్చర్యం.

ప్రెస్సు దగ్గరికి వద్దాం, లెక్కలన్నీ తారుమారయ్యేది అక్కడే. యూరియా రెసిన్‌లో సగానికి పైగా ఘనపదార్థం ఉంటుంది. సోయా, చింతపిక్క జిగుర్లను అంత చిక్కగా చేస్తే రోలర్ మీద పాకవు, పలచన చేస్తే నీళ్లు ఎక్కువవుతాయి. ఆ నీళ్లన్నీ ప్రెస్సులో ఆవిరై బయటికి పోవాలి, పోకపోతే ప్రెస్సు తెరిచిన క్షణంలో బోర్డు మధ్యలో ఉబ్బి పేలుతుంది. యూరియా రెసిన్ ప్లైవుడ్‌లో 110 డిగ్రీల దగ్గర గబగబా గట్టిపడుతుంది, ఫినాల్ రకాలకు 140 పైన కావాలి, ప్రకృతి జిగుర్లలో చాలావాటికి వేడీ ఎక్కువే, సమయమూ ఎక్కువే. రోజుకు ఎన్ని షీట్లు దిగాయన్నదే యూనిట్ లాభం కాబట్టి జిగురు కిలో పది రూపాయలు తక్కువైనా, ప్రెస్సులో రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే యజమాని దాన్ని ముట్టుకోడు. వానాకాలంలో కలిపిన జిగురు రెండో రోజుకే పుల్లబడి కంపు కొట్టడం ఇంకో తలనొప్పి, దానికి మందు కలపాలి. పిండి జిగురు ఉన్న చెక్కను చెదలు, బూజు కూడా ఇష్టంగా తింటాయి.

వీటన్నిటికంటే పెద్ద పోటీదారు మాత్రం యూరియా ధర. రైతు కోసం 45 కిలోల బస్తాను పన్నులు, వేపపూత ఖర్చు కాకుండా 242 రూపాయలకు ఇస్తోంది ప్రభుత్వం, అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆ సబ్సిడీ యూరియా దొంగచాటుగా ప్లైవుడ్ జిగురు యూనిట్లకు మళ్లుతోందని కేంద్రం తనిఖీ బృందాల్ని పంపి పట్టుకున్న సందర్భాలున్నాయి. 2015 నుంచి మొత్తం యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం ఇదే. పొలానికి పోవలసిన బస్తా జిగురు కెటిల్లోకి పోతున్నంతకాలం చింతపిక్కైనా, జీడి నూనైనా ధరలో దానితో పోటీపడలేదు. ప్రకృతి జిగురుకు ప్రోత్సాహం ఇవ్వాలని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ముందు ఈ చిల్లు పూడ్చమని అడగాలి. నిజాయితీగా చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి, యూరియా రెసిన్ కూడా పాతకాలపుది కాదు. ఫార్మాల్డిహైడ్ పాలు తగ్గించి, కొంత మెలమిన్ కలిపి, ఈ1 హద్దులోపే బోర్డులు చేస్తున్నారు. ఇంటికి బోర్డు కొనేవాళ్లకు ఈ పూట పనికొచ్చే సలహా ఏమిటంటే, ప్రకృతి అనే మాట కోసం వెతక్కుండా ఐఎస్ఐ గుర్తు, ఈ1 లేదా అంతకంటే తక్కువ వాయువు వదిలే ఈ0 అన్న ముద్ర చూసి తీసుకుని, కోసిన అంచులన్నిటికీ పట్టీ అంటించమని వడ్రంగికి చెప్పడం. వాయువు ఎక్కువగా వచ్చేది మూయని అంచుల నుంచి, స్క్రూ రంధ్రాల నుంచే.

అసలు జిగురే లేని దారి కూడా ఒకటుంది. 1924లో అమెరికాలో విలియం మేసన్ చెక్క ముక్కల్ని ఆవిరి ఒత్తిడితో పేల్చి, వచ్చిన నారను వేడి ప్రెస్సులో నొక్కితే దానిలోని లిగ్నినే మెత్తబడి, చల్లారాక పట్టేస్తుందని కనుక్కున్నాడు, హార్డ్‌బోర్డు పుట్టింది అలా. కొబ్బరి పీచు, దాని పొట్టులో లిగ్నిన్ చాలా ఎక్కువ కాబట్టి ఏమీ కలపకుండా బోర్డు చేయొచ్చని నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. ఉద్దానం నుంచి గోపాల్‌పూర్ దాకా తీరమంతా కొబ్బరే. కానీ దీనికి ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి ఇచ్చే ప్రెస్సు కావాలి, అది చిన్న పెట్టుబడిదారుకు అందదు.

కాబట్టి గుణుపురం, పర్లాకిమిడి లాంటి చోట ఇప్పుడున్న పరిస్థితుల్లో లెక్క కుదిరేది వెదురు చాప బోర్డు. రాయగడ, గజపతి కొండల్లో వెదురు ఉంది, చాప అల్లే చేతులున్నాయి. అల్లిన చాపల్ని ఫినాల్ రెసిన్‌లో ముంచి, ఆరబెట్టి, నాలుగైదు పేర్చి ప్రెస్సులో నొక్కే పద్ధతిని ఇపిర్టి ఎప్పుడో సిద్ధం చేసింది, దానికి ఐఎస్ 13958 అని ప్రమాణమూ ఉంది. ఆ ఫినాల్‌లో కొంత వంతు పలాస నూనె అయితే ఖర్చూ తగ్గుతుంది, తడిలో నిలబడే గుణమూ పోదు, సరుకు రెండు గంటల దూరం నుంచే వస్తుంది. ఫార్మాల్డిహైడ్ పూర్తిగా పోదు, కానీ యూరియా బోర్డులాగా ఏళ్ల తరబడి కక్కదు. పైకప్పుకు, తలుపు పలకలకు, ట్రక్కుల అడుగు చెక్కకు ఇది సరిపోతుంది. దీనికి కావలసింది ముందుగా ఒక జీడి ఫ్యాక్టరీ యజమాని ఏడాది పొడవునా ఒకే చిక్కదనం ఉన్న నూనె ఇస్తానని ఒప్పందం రాసివ్వడం, ఆ నూనెను తీసుకున్న ప్రతిసారీ పరీక్షించి కొనే కెమిస్టు ఒకరు యూనిట్‌లో ఉండటం.